ది ఓపెన్‌ని హైదరాబాద్‌లో కూర్చుని చూడటం ఎలా: గాలిని చదివే పద్ధతి

గోల్ఫ్‌లో మేజర్లు, అంటే అన్నిటికన్నా పెద్ద టోర్నమెంట్లు, నాలుగు. మాస్టర్స్, పీజీఏ, యూఎస్ ఓపెన్ అమెరికాలో జరుగుతాయి. నాలుగోది ది ఓపెన్ చాంపియన్‌షిప్. వయసులో అదే అన్నిటికన్నా పెద్దది. 1860లో స్కాట్లాండ్‌లోని ప్రెస్ట్‌విక్‌లో ఎనిమిది మంది ఆటగాళ్లతో మొదలై, ఇప్పుడు 156 మందితో ఏటా జులైలో జరుగుతోంది. స్కాట్లాండ్, ఇంగ్లండ్, ఉత్తర ఐర్లాండ్ తీరాల్లో ఉన్న కొన్ని కోర్సులే వంతులవారీగా ఆతిథ్యమిస్తాయి. 2026లో ఇంగ్లండ్‌లోని రాయల్ బర్క్‌డేల్, 2027లో సెయింట్ ఆండ్రూస్.

మన దగ్గర గోల్ఫ్ ఆడేవాళ్లలో కూడా చాలామంది మాస్టర్స్‌ని ఇష్టంగా చూస్తారు, ఓపెన్ దగ్గరికి వచ్చేసరికి విసుక్కుంటారు. పచ్చదనం లేదు, చెట్లు లేవు, ఎండిపోయిన గడ్డి, స్వెట్టర్లు వేసుకున్న ఆటగాళ్లు. పైగా మంచి షాట్ అనుకున్నది పోయి గుంటలో పడుతుంది. ఈ విసుగంతా గాలిని పట్టించుకోకుండా చూడటం వల్ల వచ్చేదే. గాలి ఎటు వీస్తోందో తెలిసి చూస్తే, నాకు తెలిసి ఏడాది మొత్తంలో ఇంతకన్నా మంచి గోల్ఫ్ లేదు. ఎలా చూడాలో ఒక్కో మెట్టుగా చెబుతాను.

మొదటి మెట్టు: టైమ్ కుదుర్చుకోండి

జులైలో బ్రిటన్ మనకన్నా నాలుగున్నర గంటలు వెనక. గురు, శుక్రవారాల్లో మొదటి గ్రూపు అక్కడ ఉదయం ఆరున్నర ప్రాంతంలో ఆట మొదలుపెడుతుంది, అంటే మనకు పగలు పదకొండు. చివరి గ్రూపు బయల్దేరేసరికి అక్కడ సాయంత్రం నాలుగు, మనకు రాత్రి ఎనిమిదిన్నర. వాళ్లు పద్దెనిమిది హోల్సూ ముగించేసరికి మనకు ఒంటిగంట దాటుతుంది. అక్కడ ఆ నెలలో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది కాబట్టే ఇంత పొడవైన రోజు సాధ్యం.

రోజంతా చూడాలని పెట్టుకోకండి, రెండో రోజుకే నీరసం వస్తుంది. మామూలు రోజుల్లో రాత్రి ఏడున్నర నుంచి పదిన్నర దాకా చూస్తే చాలు. ఆదివారం లీడర్లు మనకు రాత్రి ఏడు గంటల ప్రాంతంలో బయల్దేరి, పదకొండు, పదకొండున్నరకు ముగిస్తారు. డిన్నర్ దాన్నిబట్టి సర్దుకోండి. ప్రసార హక్కులు చేతులు మారుతుంటాయి కాబట్టి ఏ ఛానెల్, ఏ యాప్ అన్నది బుధవారమే చూసుకోండి. ఓపెన్ అధికారిక వెబ్‌సైట్‌లో లైవ్ లీడర్‌బోర్డు ఉంటుంది, రేడియో కామెంటరీ కూడా వస్తుంది. గచ్చిబౌలి ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు ఆ రేడియోని మించిన తోడు లేదు.

రెండో మెట్టు: కోర్సు మ్యాపు మీద బాణం గీయండి

ఈ పని పది నిమిషాలే. చాలామంది చేయరు. చేసినవాళ్లకు మాత్రం ఆట వేరేగా కనిపిస్తుంది.

అధికారిక వెబ్‌సైట్‌లో కోర్సు మ్యాపు దొరుకుతుంది. ప్రింట్ తీసుకోండి, లేదా ఫోన్‌లో స్క్రీన్‌షాట్ పెట్టుకోండి. తర్వాత ఆ ఊరి వాతావరణం చూడండి. ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. గాలిని అది వచ్చే దిక్కు పేరుతో పిలుస్తారు. పడమటి గాలి అంటే పడమర నుంచి తూర్పుకి వీచేది. కొన్ని యాప్‌లలో బాణం గాలి వెళ్లే వైపు చూపిస్తుంది, కొన్నిటిలో వచ్చే వైపు. ఒకసారి సరిచూసుకున్నాక మ్యాపు మీద పెద్ద బాణం గీసి, ఏ హోల్‌కి ఎదురుగాలి, ఏ హోల్‌కి వెనకగాలి, ఏ హోల్‌కి పక్కగాలి అని రాసి పెట్టుకోండి.

ఎందుకింత అవసరమంటే, ఈ కోర్సుల నిర్మాణమే అలాంటిది. సముద్రానికీ పంటపొలాలకీ మధ్య, వ్యవసాయానికి పనికిరాని ఇసుక నేలల్లో వీటిని వేశారు. ఇలాంటి వాటిని లింక్స్ కోర్సులంటారు. సెయింట్ ఆండ్రూస్, రాయల్ ట్రూన్ లాంటి చోట్ల మొదటి తొమ్మిది హోల్స్ క్లబ్‌హౌస్ నుంచి దూరంగా వెళ్తాయి, తర్వాతివి వెనక్కి వస్తాయి. ట్రూన్‌లో మామూలుగా వీచే గాలి ఉంటే పోయేటప్పుడు వీపు మీద, వచ్చేటప్పుడు మొహం మీద కొడుతుంది. కాబట్టి అక్కడ సగం ఆటకి ఒకడు నాలుగు అండర్‌లో, అంటే నిర్ణయించిన దెబ్బల కన్నా నాలుగు తక్కువలో ఉంటే అప్పుడే ఎగిరి గంతేయకండి, అసలు కష్టం ఇంకా ముందుంది. మ్యూర్‌ఫీల్డ్ దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ మొదటి తొమ్మిది ఒక దిశలో చుట్టూ తిరుగుతాయి, తర్వాతి తొమ్మిది దాని లోపల ఎదురు దిశలో తిరుగుతాయి. గాలి ప్రతి హోల్‌కీ వేరే కోణంలో తగులుతుంది, ఆటగాడికి ఒక లెక్క కుదిరేలోపే మారిపోతుంది. బర్క్‌డేల్‌లో హోల్స్ ఎక్కువగా ఇసుక దిబ్బల మధ్య లోయల్లో సాగుతాయి. కింద నిలబడ్డవాడికి గాలి అంతగా తెలియదు, బంతి దిబ్బ ఎత్తు దాటగానే తెలుస్తుంది.

మూడో మెట్టు: గాలికి దూరం లెక్క కట్టండి

గోల్ఫర్లు వాడే ఒక ముతక లెక్క ఉంది. గంటకు పది మైళ్ల ఎదురుగాలి, అంటే దాదాపు 16 కిలోమీటర్లు, కొట్టాల్సిన దూరాన్ని పది శాతం పెంచుతుంది. అదే గాలి వెనక నుంచి వస్తే ఐదు శాతమే తగ్గిస్తుంది. హోల్‌ని చూపించే జెండా 150 యార్డుల్లో ఉండి ఇరవై మైళ్ల ఎదురుగాలి ఉంటే, ఆ షాట్‌ని 180 యార్డుల షాట్‌గా ఆడాలి. అదే వెనకగాలైతే 135. ఎదురుగాలి తీసుకునేది వెనకగాలి తిరిగి ఇవ్వదు. గాలి ఉన్న రోజున స్కోర్లు ఎందుకు పాడవుతాయో సగం ఇక్కడే అర్థమైపోతుంది.

దీనికి కారణం బంతి తిరుగుడు. ఐరన్ అనే క్లబ్బుతో కొట్టిన బంతి వెనక్కి తిరుగుతూ వెళ్తుంది, ఆ బ్యాక్‌స్పిన్ వల్ల పైకి లేస్తుంది. ఎదురుగాలిలో ఆ లేవడం ఇంకా ఎక్కువై, బంతి ఆకాశంలోకి పోయి అక్కడే ఆగినట్టయి కింద పడుతుంది. గట్టిగా కొడితే స్పిన్ పెరుగుతుంది, పైకి పోవడం కూడా పెరుగుతుంది. అందుకే ఎదురుగాలిలో బలం చూపించేవాడు ఓడిపోతాడు. ఐరన్ల అంకె తగ్గేకొద్దీ బంతి ఎక్కువ దూరం పోతుంది. టీవీలో పెద్ద పెద్ద ఆటగాళ్లు 150 యార్డులకే ఐదో ఐరన్ తీసి సగం ఊపుతో కొడుతుంటే ఆశ్చర్యపోకండి.

హైదరాబాదీ గోల్ఫర్లకు ఇంకో లెక్క. మన ఊరు సముద్ర మట్టానికి అయిదొందల మీటర్ల పైన ఉంది, వేడి కూడా ఎక్కువ. గాలి పలచన, బంతి కాస్త ఎక్కువ దూరం పోతుంది. అక్కడ సముద్ర మట్టం, జులైలో కూడా పదిహేను డిగ్రీల చలి. గోల్కొండలో మీరు ఏడో ఐరన్‌తో కొట్టే దూరం అక్కడ రాదు. సముద్రపు గాలి తేమగా ఉంటుంది కాబట్టి బరువని చాలామంది అంటారు గానీ, తేమ నిజానికి గాలిని కొంచెం తేలిక చేస్తుంది. బరువంతా చలిది.

లెక్క కట్టడం అలవాటు చేసుకోవడానికి చిన్న హోల్సే మంచివి. ట్రూన్‌లో ఎనిమిదో హోల్ పేరు పోస్టేజ్ స్టాంప్. పొడవు దాదాపు 120 యార్డులే, సరదాకి ఆడేవాడు కూడా వెడ్జ్‌తో, అంటే తక్కువ దూరాల క్లబ్బుతో చేరుకునే దూరం. కానీ గ్రీన్, అంటే జెండా ఉండే నున్నటి పచ్చిక, ఇరుకు. చుట్టూ అయిదు బంకర్లు, అంటే ఇసుక గుంటలు. ఆటగాడు బ్యాగ్‌లోంచి ఏం తీస్తున్నాడో చూడకముందే మీరు ఊహించండి. నాలుగైదు గ్రూపులు అయ్యేసరికి మీ అంచనా క్యాడీ (ఆటగాడి బ్యాగ్ మోస్తూ సలహా ఇచ్చేవాడు) అంచనాకి దగ్గరగా రావడం మొదలవుతుంది. అక్కడి నుంచి టీవీ ముందు లేవబుద్ధి కాదు.

నాలుగో మెట్టు: లీడర్‌బోర్డులో టైమ్ వెతకండి

పార్, బర్డీ, బోగీ తెలియనివాళ్లకు ఒక్క మాట: పార్ అంటే హోల్‌కి నిర్ణయించిన దెబ్బల లెక్క. ఒకటి తక్కువైతే బర్డీ, రెండు తక్కువైతే ఈగల్, ఒకటి ఎక్కువైతే బోగీ. పార్ కన్నా ఎన్ని దెబ్బలు తక్కువైతే అంత మంచిది, మైనస్ గుర్తు మంచి గుర్తు. అంతకు మించి ముందే నేర్చుకోవాల్సింది లేదు, చూస్తుంటే వచ్చేస్తుంది.

అసలు విషయం ఏమిటంటే, ఓపెన్‌లో మొదటి రెండు రోజులూ అందరూ మొదటి టీ (హోల్ ఆట మొదలుపెట్టే చోటు) నుంచే బయల్దేరతారు. మిగతా మేజర్లలో సాధారణంగా గురు, శుక్రవారాల్లో సగం మందిని పదో టీ నుంచి పంపిస్తారు కాబట్టి రోజు తొందరగా ముగుస్తుంది. ఇక్కడ మొదటి గ్రూపుకీ చివరి గ్రూపుకీ మధ్య తొమ్మిదిన్నర గంటలు తేడా. సముద్ర తీరంలో తొమ్మిదిన్నర గంటల్లో ఆకాశం ఎన్ని వేషాలైనా వేస్తుంది. గురువారం పొద్దున ఆడినవాళ్లు శుక్రవారం మధ్యాహ్నం ఆడతారు, గురువారం మధ్యాహ్నం వాళ్లు శుక్రవారం పొద్దున. ఎవరికి ఏ పూట ప్రశాంతంగా దొరుకుతుందన్నది అదృష్టం. గోల్ఫర్లు దీన్ని డ్రా అంటారు. ఓడినవాడు డ్రాని తిట్టుకుంటాడు, గెలిచినవాడు దాని ఊసెత్తడు.

2010 సెయింట్ ఆండ్రూస్ చూడండి. గురువారం రోరీ మెకిల్‌రాయ్ 63 కొట్టాడు, అంటే 63 దెబ్బల్లో రౌండ్ ముగించాడు. శుక్రవారం మధ్యాహ్నం గాలి లేచింది. ఆటని గంటకు పైగా ఆపాల్సి వచ్చింది. ఆ రోజు మెకిల్‌రాయ్ స్కోరు 80. అదే మనిషి, అదే కోర్సు, మధ్యలో ఒక్క రాత్రి. శుక్రవారం పొద్దున్నే ఆడి 67తో ఇంటికి పోయిన లూయీ ఊస్టేజన్ చివరికి ఏడు దెబ్బల తేడాతో గెలిచాడు. ఊస్టేజన్ ఆ వారం అద్భుతంగా ఆడాడు, అందులో అనుమానం లేదు. కానీ ఆ 80ని చూసి మెకిల్‌రాయ్‌కి టెన్షన్ వచ్చిందని తీర్పు చెప్పినవాళ్లు గాలిని చూడలేదు.

2002 మ్యూర్‌ఫీల్డ్ కూడా అంతే. టైగర్ వుడ్స్ ఆ ఏడాది మాస్టర్స్, యూఎస్ ఓపెన్ రెండూ గెలిచి వచ్చాడు. శనివారం మధ్యాహ్నం గాలి, వాన, చలి కలిసి వచ్చినప్పుడు 81 కొట్టాడు. మర్నాడు 65.

బర్క్‌డేల్‌నే తీసుకోండి. 2008లో పాడ్రిగ్ హారింగ్టన్ మూడు ఓవర్‌తో గెలిచాడు. 2017లో జోర్డాన్ స్పీత్ పన్నెండు అండర్‌తో గెలిచాడు. ఒకే కోర్సు మీద పదిహేను దెబ్బల తేడా. పిచ్ ఎలా ఉందో చెప్పకుండా 240 మంచి స్కోరా కాదా అని అడిగితే క్రికెట్ చూసేవాడు నవ్వుతాడు కదా, ఇదీ అంతే. కాబట్టి ఆఫీసులో ఎవరైనా 'అన్నా, ఎవడు లీడింగ్?' అంటే, పేరు చెప్పేముందు వాడు పొద్దున ఆడాడా మధ్యాహ్నం ఆడాడా చూసుకోండి.

అయిదో మెట్టు: బంతి కింద ఏం చేస్తుందో చూడండి

మన కళ్లు బంతి ఎగిరేటప్పుడు దాన్ని వెంటాడతాయి, పడగానే వదిలేస్తాయి. ఇక్కడ పడ్డాకే సగం కథ. ఇసుక నేల, పొట్టిగా ఎండిన ఫెస్క్యూ గడ్డి. బంతి పడి ముప్పై, నలభై యార్డులు దొర్లుతుంది. మంచి ఆటగాడు గ్రీన్ మీద కాకుండా గ్రీన్‌కి చాలా ముందు నేల మీద ఒక చోటు చూసుకుని, అక్కడ దించి దొర్లిస్తాడు. గ్రీన్ బయట ఇరవై యార్డుల నుంచి పటర్ (బంతిని నేల మీద దొర్లించే క్లబ్బు) తీసేవాళ్లు కూడా కనిపిస్తారు. అది భయం కాదు, తెలివి. నేల మీద వెళ్లే బంతిని గాలి పెద్దగా ఏమీ చేయలేదు.

తర్వాత పాట్ బంకర్లు. వీటిని కొంచెం దగ్గరగా చూడాలి. పచ్చిక దిమ్మల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన నిలువు గోడ, కొన్ని చోట్ల మనిషి తల దాకా ఉంటుంది. అడుగున చిన్న ఇసుక పళ్లెం. బంతి గోడ పక్కకు చేరితే ముందుకు కొట్టే దారే ఉండదు. ఆటగాడు ఒక మోకాలు బయట గడ్డి మీద ఆనించి, ఒక కాలు ఇసుకలో దింపి, జెండాకి వీపు తిప్పి వెనక్కి కొట్టడం కూడా చూస్తారు. కొట్టలేననుకుంటే అన్‌ప్లేయబుల్ అని ప్రకటించవచ్చు. ఒక దెబ్బ జరిమానాతో బంకర్ లోపలే వేరే చోట పెట్టుకోవచ్చు, లేదా ముందు షాట్ ఆడిన చోటికే వెళ్లవచ్చు. పూర్తిగా బయటికి తెచ్చి బంకర్ వెనక పెట్టుకోవాలంటే రెండు దెబ్బలు. కామెంటేటర్లు ఈ లెక్క విప్పి చెప్పరు, మీకు తెలుసుంటే ఆటగాడు అక్కడ నిలబడి ఏం ఆలోచిస్తున్నాడో అర్థమవుతుంది.

గ్రీన్‌లని ఇక్కడ మిగతా మేజర్లంత వేగంగా ఉంచరు. ఉంచితే గాలికి బంతి దానంతటదే కదిలిపోతుంది. 2015లో సెయింట్ ఆండ్రూస్‌లో శనివారం అచ్చంగా అదే జరిగి, ఆట గంటల తరబడి ఆగింది. నిబంధన కూడా తెలుసుకోండి. ఆటగాడు గ్రీన్ మీద మార్కర్ పెట్టి బంతి తీసి మళ్లీ పెట్టాక గాలికి కదిలితే, పాత చోటికే తెచ్చి పెట్టాలి. తీయకముందే కదిలితే, ఆగిన కొత్త చోటు నుంచే ఆడాలి. గాలి ఎక్కువున్న రోజు ఆటగాళ్లు గ్రీన్ ఎక్కగానే గబగబా వెళ్లి మార్క్ చేస్తుంటారు, చూడండి.

ఆరో మెట్టు: నాలుగు రోజుల్లో దేనికి ఎంత టైమ్

గురువారం పొద్దున లీడర్‌ని పెద్దగా పట్టించుకోవద్దు. శుక్రవారం రాత్రి మాత్రం వదలకండి. మొదటి 70 స్థానాల్లో ఉన్నవాళ్లు, వాళ్లతో సమానంగా ఉన్నవాళ్లు మాత్రమే వారాంతానికి వెళ్తారు. దాన్ని కట్ అంటారు. పది అడుగుల పటింగ్ మీద ఒకడి వారమంతా ఆధారపడి ఉంటుంది. నా మటుకు నాకు శనివారం కన్నా శుక్రవారం ఆఖరి రెండు గంటలే ఎక్కువ ఇష్టం.

మనవాళ్లు ఉన్నారేమో చూసుకోండి. 2023లో హోయ్‌లేక్‌లోని రాయల్ లివర్‌పూల్ కోర్సులో శుభంకర్ శర్మ ఎనిమిదో స్థానాన్ని పంచుకున్నాడు. ఓపెన్‌లో భారతీయుడికి అదే అత్యుత్తమ ఫలితం. మన ఆటగాళ్లని టీవీ అరుదుగా చూపిస్తుంది కాబట్టి, యాప్‌లో ఆ పేర్లని ముందే ఫేవరెట్‌గా పెట్టుకోండి.

ఆదివారం ఆఖరి గ్రూపు కోసం మ్యాపు మళ్లీ బయటికి తీయండి. లీడర్‌కి ఇంకా ఏ హోల్స్ ఎదురుగాలిలో మిగిలున్నాయో చూసుకుంటే, రెండు దెబ్బల ఆధిక్యం సరిపోతుందో లేదో తెలిసిపోతుంది. అయినా కొన్ని రోజులు ఏ లెక్కకీ అందవు. 2017 బర్క్‌డేల్‌లో స్పీత్ పదమూడో హోల్‌లో డ్రైవ్‌ని, అంటే మొదటి దెబ్బని, కుడివైపు దిబ్బల అవతలికి కొట్టాడు. అన్‌ప్లేయబుల్ అని ప్రకటించి, లైన్ పట్టుకుని వెనక్కి వెనక్కి వెళ్లి, ప్రాక్టీస్ గ్రౌండ్‌లో కంపెనీల ట్రక్కుల పక్కన బంతి పెట్టుకున్నాడు. ఈ తతంగానికి ఇరవై నిమిషాలు పట్టింది. అతనితో కలిసి ఆడుతున్న ప్రత్యర్థి మ్యాట్ కూచర్ అంతసేపూ గ్రీన్ దగ్గర ఎదురుచూశాడు. స్పీత్ ఒక్క బోగీతో బయటపడి, తర్వాత నాలుగు హోల్స్‌లో బర్డీ, ఈగల్, బర్డీ, బర్డీ కొట్టి మూడు దెబ్బలతో గెలిచాడు. ఆ ఇరవై నిమిషాలు బోర్ అని ఛానెల్ మార్చినవాళ్లు ఇప్పటికీ బాధపడుతుంటారు.

ఏడో మెట్టు, ఇష్టమున్నవాళ్లకి: మీరే ఆడి చూడండి

ఓపెన్ జరిగే రోజులు తరచుగా మన ఆషాఢంలో పడతాయి. ఆషాఢ గాలి సంగతి హైదరాబాద్‌లో ఎవరికీ చెప్పక్కర్లేదు. నయా ఖిల్లాలోని గోల్కొండ కోర్సులో గానీ, గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్‌లో గానీ, మీకు దగ్గర్లోని డ్రైవింగ్ రేంజ్‌లో గానీ సాయంత్రం పడమటి గాలికి ఎదురుగా నిలబడి తక్కువ ఎత్తు షాట్ సాధన చేయవచ్చు.

మామూలుగా తీసే దానికన్నా రెండు క్లబ్బులు పెద్దది తీయండి, ఎనిమిదో ఐరన్ బదులు ఆరోది. గ్రిప్ మీద చెయ్యి ఒక అంగుళం కిందికి జరపండి. బంతిని కాళ్ల మధ్యకి, ఇంకాస్త వెనక్కి పెట్టుకోండి. బరువు ముందు కాలి మీద కొంచెం ఎక్కువ ఉంచండి. ముప్పావు వంతే వెనక్కి ఊపి, కొట్టాక చేతులు ఛాతీ ఎత్తులో ఆపేయండి. గట్టిగా కొట్టాలన్న కోరిక వస్తుంది, రానివ్వకండి. బంతి చెట్టు సగం ఎత్తులో వెళ్తే షాట్ కుదిరినట్టే.

గ్రీన్ ముందు దించి దొర్లించే షాట్ మాత్రం వానాకాలంలో మన దగ్గర సగమే కుదురుతుంది. తడిసి దట్టంగా పెరిగిన మన గడ్డి బంతిని పట్టేసుకుంటుంది. దాని కోసం నేల గట్టిపడే ఎండాకాలం దాకా ఆగాల్సిందే.

స్వయంగా వెళ్లి చూడాలనుకుంటే టికెట్లకు ఏడాది ముందు నుంచే ఆలోచించాలి. వాటిని నిర్వాహక సంస్థ ఆర్ అండ్ ఏ ఎక్కువగా లాటరీ పద్ధతిలో ఇస్తుంది, నమోదు ఆన్‌లైన్‌లోనే. వీసా పని వేరే ఉండనే ఉంది.

ఇక ఆదివారం రాత్రి గురించి ఒక మాట. నాలుగు రోజుల తర్వాత స్కోర్లు సమానమైతే మూడు హోల్స్ ప్లేఆఫ్ ఆడిస్తారు, మూడు హోల్సూ కలిపి తక్కువ దెబ్బలు ఎవరివైతే వాళ్లు గెలిచినట్టు. అప్పటికీ తేలకపోతే ఒక్కో హోల్ ఆడుతూ పోతారు. అలా జరిగితే మనకు అర్ధరాత్రి దాటుతుంది. 2015లో గాలి వల్ల ఆట సోమవారానికి వాయిదా పడి, ప్లేఆఫ్‌లో జాక్ జాన్సన్ గెలిచాడు. అందుకని ఆ వారం తర్వాత వచ్చే సోమవారం పొద్దున తొమ్మిదింటికి మీటింగ్ పెట్టుకోకండి, కుదిరితే సాయంత్రం కూడా ఖాళీగా ఉంచుకోండి.